థాయ్‌లాండ్‌లోకి బోర్డర్ దాటి వీసా లేకుండా మళ్లీ రావాలంటే: ఏడాదికి రెండుసార్ల లెక్క ఎలా చూసుకోవాలి

"బ్యాంకాక్‌లో దిగుతాం, మధ్యలో బస్సెక్కి లావోస్ చూసొస్తాం, మళ్లీ బ్యాంకాక్ నుంచే ఇంటికి ఫ్లైట్. తిరిగొచ్చేటప్పుడు వీసా తీసుకోవాలా?" ఈ ప్రశ్న రకరకాలుగా వస్తూనే ఉంది. ఒకరు లావోస్ అంటారు, ఇంకొకరు మలేషియా అంటారు, మిగతాదంతా ఒకటే. విడివిడిగా జవాబు చెప్పే బదులు అంతా ఒకచోట పెడుతున్నాను. ఇది భారత పాస్‌పోర్టుతో టూరిస్టుగా వెళ్లేవాళ్ల కోసం. ఉద్యోగం, చదువు, పెళ్లి వంటి వీసాల మీద అక్కడ ఉంటున్నవాళ్లకు లెక్క వేరు.

ముందు సూటిగా జవాబు. రోడ్డు, రైలు దారిన వీసా లేకుండా థాయ్‌లాండ్‌లోకి ఒక క్యాలెండర్ సంవత్సరంలో రెండుసార్లే రానిస్తారు. విమానంలో వచ్చిన ఎంట్రీలు ఈ రెండింటిలోకి రావు. మూడోసారి బోర్డర్ దగ్గరికి వస్తే వీసా చూపించాలి, లేదా విమానం ఎక్కి రావాలి.

ఈ రూల్ 2016 డిసెంబర్ 31 నుంచీ ఉంది. అయినా మనవాళ్లలో చాలామందికి ఇప్పుడిప్పుడే తగులుతోంది. కారణం సులువే. అప్పట్లో మనకు వీసా ఫ్రీ లేదు, 15 రోజుల వీసా ఆన్ అరైవల్ మాత్రమే ఉండేది. 2023 నవంబర్ 10 నుంచి 30 రోజుల వీసా ఫ్రీ వచ్చింది, 2024 జూలై 15 నుంచి అది 60 రోజులయింది. కాబట్టి 2023కు ముందు థాయ్‌లాండ్ తిరిగొచ్చిన స్నేహితుడి సలహా ఈ విషయంలో మీకు పనికిరాదు.

ఇంకో మాట. 60 రోజులను తగ్గించాలన్న చర్చ అక్కడి ప్రభుత్వంలో నడుస్తూ వచ్చింది. అందుకని కింద 60 అని రాసిన ప్రతిచోటా, టికెట్ కొనే రోజున థాయ్ ఎంబసీ సైట్‌లో ఏ అంకె ఉంటే అది పెట్టుకుని చదవండి. అంకె మారినా లెక్క వేసే పద్ధతి ఇదే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

పాస్‌పోర్టు. కనీసం ఆరు నెలల గడువు, కొన్ని ఖాళీ పేజీలు ఉండాలి. లావోస్ వీసా స్టిక్కర్ ఒక్కటే పేజీ మొత్తం తినేస్తుంది.

ఈ ఏడాది పాస్‌పోర్టు మార్చి ఉంటే పాతది కూడా.

థాయ్‌లాండ్ నుంచి బయటికి వెళ్లే టికెట్. గడువు తేదీ లోపలిదై ఉండాలి.

బస చేసే చోటి అడ్రస్, హోటల్ బుకింగ్. ఫోన్‌లో ఉన్నా ఒక కాపీ ప్రింట్ తీసుకోండి. బోర్డర్ దగ్గర సిగ్నల్ ఒక దేశం నుంచి ఇంకో దేశానికి దూకుతుంది, సరిగ్గా కౌంటర్ ముందే నెట్ పోతుంది.

మనిషికి 20,000 బాత్ (థాయ్ కరెన్సీ), లేదా దానికి సరిపడా డాలర్లు, చేతిలో నగదుగా. అందరినీ అడగరు. అడిగినప్పుడు మాత్రం కార్డు చూపించి, బ్యాంకు యాప్ తెరిచి ఒప్పించడం కష్టం. విమానాశ్రయం కన్నా బోర్డర్‌లోనే ఇది ఎక్కువగా అడుగుతారు.

పెన్ను. నవ్వకండి, పక్క దేశాల కౌంటర్ల దగ్గర ఇప్పటికీ కాగితం ఫారాలు నింపాల్సి వస్తుంది.

1. ఈ ఏడాది ఎన్ని వాడేశారో లెక్కపెట్టండి

పాస్‌పోర్టు తెరిచి ఈ సంవత్సరం జనవరి 1 తర్వాత పడిన థాయ్ ఎంట్రీ స్టాంపులు మాత్రమే చూడండి. ఎగ్జిట్ స్టాంపులతో పని లేదు. ఎన్నిసార్లు బయటికి వెళ్లారో ఎవరూ లెక్కపెట్టరు, ఎన్నిసార్లు లోపలికి వచ్చారన్నదే లెక్క.

ఒక్కో ఎంట్రీ స్టాంపు దగ్గర రెండు ప్రశ్నలు వేసుకోండి. నేలదారిన వచ్చానా? వీసా లేకుండా వచ్చానా? రెండింటికీ అవును అయితేనే అది లెక్కలోకి వస్తుంది. టూరిస్ట్ వీసా మీద వచ్చినది లెక్కలోకి రాదు. రీ ఎంట్రీ పర్మిట్‌తో, అంటే బయటికి వెళ్లేముందే తీసుకున్న తిరిగొచ్చే అనుమతితో, వచ్చినదీ రాదు. సువర్ణభూమిలోనో, డాన్ ముయాంగ్‌లోనో, ఫుకెట్‌లోనో విమానం దిగినది అసలే రాదు.

స్టాంపు మీద ఏ చెక్‌పోస్టు నుంచి వచ్చారో ఉంటుంది. అది మసకగా పడి చదవరాకపోతే తేదీని బట్టి మీ బస్సు, రైలు టికెట్ల మెయిళ్లు వెతకండి.

పడవ సంగతేమిటని అడిగేవాళ్లున్నారు. మలేషియాలోని లంకావి నుంచి థాయ్ వైపు సతూన్‌కు గానీ, లీపె దీవికి గానీ పడవలో వస్తే దాన్ని కూడా నేలదారి కిందే వేసుకుని ప్లాన్ చేసుకోండి. అలా వేసుకుంటే మీకు పోయేదేమీ లేదు.

ఇక్కడ ఒక చిక్కుంది. చాలామంది "మళ్లీ రావడం" అంటే రెండో రాకనే అనుకుంటారు. మీరు మొదట కౌలాలంపూర్‌లో దిగి, పెనాంగ్ చూసి, అక్కడి నుంచి రైల్లో థాయ్‌లాండ్‌లోకి వచ్చి ఉంటే ఆ మొదటి రాకే ఒకటి తినేసింది. ఇక మిగిలింది ఒక్కటే.

2. రూటు కాగితం మీద రాసి, ఎంట్రీల దగ్గర మాత్రమే గుర్తు పెట్టండి

మొత్తం ప్రయాణం వరసగా రాయండి. థాయ్‌లాండ్‌లోకి వచ్చే ప్రతిచోటా "వి" అనో "నే" అనో రాయండి, విమానం లేదా నేల. ఉదాహరణకు ఇలా:

ఫిబ్రవరి: విమానంలో బ్యాంకాక్ (వి). రైల్లో బోర్డర్ ఊరు నాంగ్ ఖాయ్, వంతెన దాటి లావోస్ రాజధాని వియంటియాన్, అదే వంతెన మీదుగా వెనక్కి (నే). దక్షిణానికి వెళ్లి హాట్ యాయ్, అక్కడి నుంచి మలేషియా బోర్డర్‌లోని పడాంగ్ బెసార్ మీదుగా పెనాంగ్, అదే దారిన వెనక్కి (నే). ఇంటికి ఫ్లైట్.

నవంబర్: విమానంలో బ్యాంకాక్ (వి). లావోస్ వెళ్లి లుయాంగ్ ప్రబాంగ్ చూసి వెనక్కి (?).

ఫిబ్రవరి ప్రయాణంలోనే రెండు "నే"లూ అయిపోయాయి. నవంబర్‌లో ఆ ప్రశ్నార్థకం చోట "నే" రాయడానికి వీల్లేదు. లావోస్‌కు బస్సులోనో రైల్లోనో వెళ్లొచ్చు, అభ్యంతరం లేదు. తిరిగి రావడం మాత్రం లుయాంగ్ ప్రబాంగ్ నుంచో వియంటియాన్ నుంచో ఫ్లైట్‌లో.

ఇక్కడ నా సలహా: రెండు నేల ఎంట్రీలనూ ఏడాది మొదట్లోనే ఖర్చుపెట్టేయకండి. ఒకటి చేతిలో ఉంచుకోండి. వానలకు ఫ్లైట్ రద్దయినా, టికెట్ ధర ఒక్కసారిగా పెరిగినా అది ఆదుకుంటుంది.

డిసెంబర్‌లో తిరిగేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. లెక్క జనవరి 1న మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఈ ఏడాదివి రెండూ అయిపోయి మీరు డిసెంబర్ 30న వియంటియాన్‌లో ఉంటే, కొత్త సంవత్సరం అక్కడే చేసుకుని జనవరి 1 తర్వాత వంతెన దాటండి. అది కొత్త ఏడాదిలో మొదటి ఎంట్రీ. డిసెంబర్‌లో వచ్చి జనవరిలో కూడా థాయ్‌లాండ్‌లోనే ఉన్నంత మాత్రాన కొత్త ఏడాదిది ఖర్చు కాదు. లోపలికి వచ్చిన తేదీయే లెక్క.

3. రోజులు వేళ్ల మీద లెక్కపెట్టండి, నెలల్లో కాదు

వచ్చిన రోజే మొదటి రోజు. రాత్రి 11.50కి స్టాంపు పడినా ఆ రోజు ఒక రోజు కిందే పోతుంది.

అక్టోబర్ 15న వచ్చారనుకుందాం. అక్టోబర్‌లో 17 రోజులు, నవంబర్‌లో 30, కలిపి 47. ఇంకా 13 కావాలి. అంటే డిసెంబర్ 13 ఆఖరి రోజు. "రెండు నెలలే కదా" అని డిసెంబర్ 15కు ఫ్లైట్ తీసుకుంటే రెండు రోజుల ఓవర్‌స్టే, అంటే గడువు దాటి ఉన్నట్టు. జరిమానా రోజుకు 500 బాత్, గరిష్ఠంగా 20,000. డబ్బు కన్నా కంప్యూటర్‌లో పడే మచ్చే పెద్ద నష్టం. తర్వాత బోర్డర్‌కు వచ్చినప్పుడు ఆఫీసర్ చూసేది దాన్నే.

అర్ధరాత్రి దాటాక ఉండే ఫ్లైట్లతో జాగ్రత్త. పై లెక్కలో 14వ తేదీ ఉదయం 12.40 ఫ్లైట్ అయితే, 13 రాత్రి 12 లోపే ఇమిగ్రేషన్ కౌంటర్ దాటేయాలి. అసలు అంత అంచు మీద టికెట్ కొనకపోవడమే మంచిది.

ప్రతి ఎంట్రీకీ రోజులు కొత్తగా మొదలవుతాయి. వెనకటి సారి మిగిలిన రోజులు కలవవు.

4. పక్క దేశం గేటు తెరిచి ఉందా చూడండి

థాయ్ లెక్కలో మునిగిపోయి చాలామంది ఇది మర్చిపోతారు. మీరు వెళ్లే దేశం మిమ్మల్ని రానివ్వాలి కదా.

మలేషియా: భారతీయులకు 2023 డిసెంబర్ 1 నుంచి 30 రోజుల వీసా ఫ్రీ ఇచ్చి, 2026 డిసెంబర్ 31 దాకా పొడిగించారు. వెళ్లేముందు వాళ్ల డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. దాటే చోట్లలో పడాంగ్ బెసార్ రైలు స్టేషనే సులువు. హాట్ యాయ్ నుంచి రైలు దిగాక థాయ్ కౌంటర్, మలేషియా కౌంటర్ ఒకే స్టేషన్‌లో పక్కపక్కనే ఉంటాయి. రోడ్డు మీద వెళ్లేవాళ్లకు సదావ్, దానికి ఎదురుగా బుకిట్ కాయు హితామ్. మలేషియా గడియారం థాయ్‌లాండ్ కన్నా గంట ముందుంటుంది, కనెక్టింగ్ రైలు చూసుకునేటప్పుడు ఇది గుర్తుండాలి.

లావోస్: వీసా కావాలి. ముందే ఆన్‌లైన్‌లో ఇ-వీసా తీసుకోవచ్చు, పెద్ద చెక్‌పోస్టుల్లో ఆన్ అరైవల్ కూడా ఇస్తారు. దానికి నలగని, చిరగని డాలర్ నోట్లు, ఒక ఫొటో పట్టుకెళ్లండి. బాత్‌లో కడితే మారకం రేటు వాళ్లిష్టం. ఎక్కువమంది దాటేది నాంగ్ ఖాయ్ దగ్గర, 1994లో తెరిచిన మొదటి మైత్రీ వంతెన మీదుగా. థాయ్ వైపు ఎగ్జిట్ స్టాంపు వేయించుకుని, నడిచి వెళ్లనివ్వరు కాబట్టి షటిల్ బస్సెక్కాలి. థాయ్‌లాండ్‌లో బండ్లు ఎడమ పక్కన, లావోస్‌లో కుడి పక్కన నడుస్తాయి. బస్సు లేన్ మారి అవతలి పక్కకు వెళ్లిందంటే మీరు లావోస్ కౌంటర్‌కు దగ్గర పడ్డట్టే. ఇవి కాక ముక్దహాన్, నఖోన్ ఫనోమ్, చియాంగ్ ఖోంగ్ దగ్గర కూడా మెకాంగ్ మీద వంతెనలున్నాయి.

కంబోడియా: 2025లో రెండు దేశాల సైన్యాల మధ్య ఘర్షణ మొదలయ్యాక అరణ్యప్రథేట్, పోయ్‌పెట్‌తో సహా ఆ వైపు దారులు మూసేశారు. పాత వీడియోలు చూసి అటు బస్సు బుక్ చేసుకోకండి. తెరిచారన్న తాజా వార్త కళ్లారా చూశాకే ఆ మాట ఎత్తండి.

మయన్మార్: మే సాయ్, మే సోట్ పేర్లు పాత గైడ్లలో కనిపిస్తాయి. అక్కడి పరిస్థితుల్లో టూరిస్టు దాన్ని లెక్కలోంచి తీసేయడమే తెలివి.

5. టీడీఏసీ నింపండి, ప్రతిసారీ

2025 మే 1 నుంచి థాయ్‌లాండ్‌లోకి వచ్చే ప్రతి విదేశీయుడూ థాయ్‌లాండ్ డిజిటల్ అరైవల్ కార్డు (టీడీఏసీ) ఆన్‌లైన్‌లో నింపాలి. విమానమైనా, బస్సైనా, పడవైనా సరే. పాత టీఎం 6 కాగితం స్థానంలో ఇది వచ్చింది. వచ్చే తేదీకి మూడు రోజుల ముందు నుంచి నింపొచ్చు.

రూపాయి కట్టక్కర్లేదు. ఇది ఇంకోసారి చదవండి. వెతికితే పైన వచ్చే సైట్లలో కొన్ని ప్రభుత్వ సైట్‌లాగే కనిపించి డబ్బులు అడుగుతాయి. అడ్రస్ చివర డాట్ గో డాట్ టీహెచ్ అని ఉంటేనే ముందుకు వెళ్లండి.

నింపేటప్పుడు తప్పులు జరిగేది మూడు చోట్ల. ఒకటి, ప్రయాణ మార్గం దగ్గర విమానం అని వదిలేయడం. మీరు లావోస్ నుంచి వంతెన మీదుగా వస్తుంటే నేలమార్గం ఎంచుకోవాలి. రెండు, గత 14 రోజుల్లో ఉన్న దేశాలు అడిగిన చోట భారత్ ఒక్కటే రాసి లావోస్ వదిలేయడం. మూడు, వచ్చే తేదీ. ప్లాన్ ఒకరోజు జరిగితే కార్డు కూడా సరిచేయాలి, అదే సైట్‌లో మార్చుకునే వీలుంది.

నింపాక క్యూఆర్ కోడ్ మెయిల్‌కు వస్తుంది. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఇది వీసా కాదు, దీనివల్ల ఎంట్రీ ఖాయమూ కాదు. మొదటిసారి బ్యాంకాక్‌లో దిగినప్పుడు నింపిన కార్డు తిరిగొచ్చేటప్పుడు పనిచేయదు. ప్రతి ఎంట్రీకి కొత్తది.

6. బోర్డర్ దగ్గర

పగటి పూట చేరండి. చాలా చెక్‌పోస్టులు రాత్రి మూసేస్తారు, మూయనిచోట కూడా రాత్రి పూట సందేహం వస్తే అడగడానికి పెద్ద ఆఫీసర్ ఉండడు.

వెళ్లేటప్పుడు ముఖ్యమైన పని ఎగ్జిట్ స్టాంపు. బస్సు ఆగినప్పుడు నిద్రలో ఉండి దిగకపోవడం, గుంపు వెనక నడుస్తూ థాయ్ కౌంటర్ దాటేసి నేరుగా అవతలి కౌంటర్‌కు వెళ్లిపోవడం, ఇవి జరుగుతూనే ఉంటాయి. ఎగ్జిట్ స్టాంపు లేకపోతే థాయ్ కంప్యూటర్ దృష్టిలో మీరు ఇంకా లోపలే ఉన్నారు. వారం తర్వాత తిరిగొస్తే ముందు ఆ ముడి విప్పాలి. అవతలి కౌంటర్‌కు వెళ్లేలోపు పాస్‌పోర్టు తెరిచి, త్రికోణంలో ఉండే ఆ స్టాంపు పడిందో లేదో చూసుకోండి. అర నిమిషం పని.

వచ్చేటప్పుడు కౌంటర్‌లో ప్రశ్నలు మామూలుగా చిన్నవే. ఎన్ని రోజులు? ఎక్కడ ఉంటారు? తిరిగి ఎప్పుడు వెళ్తారు? నిజం చెప్పండి, చిన్నగా చెప్పండి, అడగనిది చెప్పకండి. "లాప్‌టాప్‌లో కాస్త పని చేసుకుంటూ ఉంటాను" లాంటి మాట సరదాకైనా వద్దు. థాయ్ ఇమిగ్రేషన్ చట్టంలో 12వ సెక్షన్ కింద, బతకడానికి సరిపడా డబ్బు లేనివాళ్లనూ, పని చేయడానికి వస్తున్నారనిపించినవాళ్లనూ వెనక్కి పంపే అధికారం వాళ్లకుంది. రెండుసార్ల కోటా మిగిలి ఉన్నా సరే, ఆ కౌంటర్‌లో ఉన్న మనిషికి నమ్మకం కుదరాలి.

పొద్దున వెళ్లి మధ్యాహ్నం తిరిగి రావడం గురించి. బయట ఇన్ని గంటలు ఉండాలన్న రూల్ ఏమీ లేదు. కానీ అలా స్టాంపు కోసమే గడప దాటినట్టు కనిపిస్తే ప్రశ్నలు పెరుగుతాయి. 2025 నవంబర్‌లో ఇలాంటి వీసా రన్‌ల మీద కఠినంగా ఉంటామని థాయ్ ఇమిగ్రేషన్ ప్రకటించింది కూడా. ఎలాగూ వెళ్తున్నారు, ఒకటి రెండు రాత్రులు వియంటియాన్‌లోనో పెనాంగ్‌లోనో ఉండి రండి. హోటల్ బిల్లు దగ్గరుంటే అదే మీ జవాబు.

7. కౌంటర్ వదలకముందే స్టాంపు చదవండి

ఈ మొత్తంలో ఒక్క పనే చేస్తానంటే ఇది చేయండి. చూడాల్సినవి మూడు: వచ్చిన తేదీ, ఎప్పటిదాకా ఉండొచ్చన్న తేదీ, వచ్చిన విధం. గడువు తేదీ పైన చెప్పిన పద్ధతిలో మీరు వేసుకున్న లెక్కతో కలవాలి. వీసాతో వచ్చినవాళ్లయితే ఆ వీసా మీదే స్టాంపు వేశారా లేదా చూడాలి. వీసా ఉండగా పొరపాటున వీసా ఫ్రీ కింద కొట్టేస్తే మీ కోటాలో ఒకటి ఊరికే పోతుంది.

తేడా కనిపిస్తే అక్కడే, అప్పుడే, మర్యాదగా వేలు పెట్టి చూపించండి. రెండు నిమిషాల్లో దిద్దుతారు. బస్సెక్కి ఊరు చేరాక గమనిస్తే మళ్లీ ఇమిగ్రేషన్ ఆఫీసు చుట్టూ తిరగాలి. స్టాంపు మీద ఏ తేదీ ఉంటే అదే చెల్లుతుంది. వాళ్లు పొరపాటున తక్కువ రోజులు వేసినా ఆ తేదీ దాటితే ఓవర్‌స్టే మీదే.

తర్వాత ఆ పేజీని ఫొటో తీసి, ఫోన్ క్యాలెండర్‌లో గడువుకు వారం ముందు ఒక రిమైండర్ పెట్టండి.

రెండూ అయిపోయాక మళ్లీ రావాలంటే

ఫ్లైట్: అన్నిటికన్నా తేలిక. వియంటియాన్ నుంచీ పెనాంగ్ నుంచీ బ్యాంకాక్‌కు రెండు గంటల లోపు ప్రయాణం. విమానానికి ఏడాదికి ఇన్నిసార్లని అంకె లేకపోయినా హద్దు లేదని కాదు. ఏడాదిలో ఎక్కువ రోజులు వీసా ఫ్రీ మీదే గడుపుతుంటే విమానాశ్రయంలో కూడా పక్కకు పిలుస్తారు.

బయటికి వెళ్లకుండానే పొడిగించుకోవడం: లావోస్ చూడాలన్న కోరిక లేక, రోజుల కోసమే బోర్డర్‌కు వెళ్తుంటే ఆగండి. దగ్గర్లోని ఇమిగ్రేషన్ ఆఫీసులో టీఎం 7 ఫారం, ఫొటో, పాస్‌పోర్టు కాపీలు ఇచ్చి 1,900 బాత్ కడితే మామూలుగా 30 రోజులు పొడిగిస్తారు. బ్యాంకాక్‌లో ఉన్నవాళ్లకు అది చేంగ్ వట్టనా ఆఫీసు. హోటల్ కాకుండా తెలిసినవాళ్ల ఇంట్లో ఉంటుంటే, ఇంటివాళ్లు టీఎం 30 అనే ఫారంలో మీరు అక్కడ ఉంటున్నట్టు ఇమిగ్రేషన్‌కు తెలియజేశారో లేదో ముందే అడగండి, అక్కడ అదే ఆపుతారు. రానూపోనూ బస్సు, లావోస్ వీసా ఫీజు, రెండు రోజుల శ్రమ కలిపి చూస్తే చాలాసార్లు ఇదే చవక.

టూరిస్ట్ వీసా: ఇప్పుడంతా థాయ్ ఇ-వీసా సైట్‌లోనే. సింగిల్ ఎంట్రీకి 60 రోజులు. వియంటియాన్‌లో ఉండగా అప్లై చేస్తే అక్కడి థాయ్ ఎంబసీని ఎంచుకోవాలి, మీరు ఆ దేశంలోనే ఉన్నారని రుజువూ పెట్టాలి. కొన్ని పనిరోజులు పడుతుంది కాబట్టి అన్ని రాత్రులకూ హోటల్ ఖర్చు వేసుకోండి. ఏడాదిలో నాలుగైదుసార్లు బోర్డర్లు దాటే ఆలోచన ఉన్నవాళ్లు ఇంటి దగ్గర బయల్దేరేముందే ఆరు నెలల మల్టిపుల్ ఎంట్రీ వీసా తీసుకోవడం మేలు. ఇంటి నుంచి పని చేసే ఉద్యోగులకు 2024 జూలైలో డీటీవీ అనే ఐదేళ్ల వీసా వచ్చింది. ఒక్కో రాకకు 180 రోజులు, అయితే 5 లక్షల బాత్ బ్యాంకులో చూపాలి.

తరచూ జరిగే పొరపాట్లు

పాస్‌పోర్టు మార్చితే లెక్క మొదటికి వస్తుందనుకోవడం. రాదు. ఫొటో, వేలిముద్రలు వాళ్ల దగ్గర ఉంటాయి.

1,900 కట్టి పొడిగించుకున్నాక లావోస్ వెళ్లడం. రీ ఎంట్రీ పర్మిట్ లేకుండా గడప దాటిన క్షణాన ఆ పొడిగింపు రద్దవుతుంది. సింగిల్ ఎంట్రీ వీసాకూ ఇదే గతి. బయటికి వెళ్లేముందే ఇమిగ్రేషన్ ఆఫీసులో టీఎం 8 ఫారంతో పర్మిట్ తీసుకోవాలి, ఒకసారికి 1,000 బాత్, ఎన్నిసార్లయినా అయితే 3,800. తిరిగొచ్చాక పాత గడువు తేదీయే కొనసాగుతుంది. ఈ ఎంట్రీ మీ రెండింటిలోంచి తగ్గదు.

365 రోజుల వెనక్కి లెక్కపెట్టడం. జనవరి నుంచి డిసెంబర్, అంతే.

కుటుంబానికి కలిపి రెండు అనుకోవడం, లేదా ఇద్దరిలో ఒకరి పాస్‌పోర్టే చూడడం. ఇది మనిషి మనిషికీ విడిగా ఉండే లెక్క. భర్త మార్చిలో ఆఫీసు స్నేహితులతో థాయ్‌లాండ్ వచ్చి, నేలదారిన పెనాంగ్ వెళ్లొచ్చి ఉంటే, డిసెంబర్‌లో భార్యాభర్తలు కలిసి వచ్చినప్పుడు ఆమెకు రెండు, ఆయనకు ఒకటే మిగిలి ఉంటాయి. ఆ ప్రయాణంలో రెండు బోర్డర్లుంటే రెండో దాని దగ్గర ఆయన ఒక్కడే అవతల ఆగిపోతాడు.

"మా వ్యాన్‌లో వస్తే మూడోసారి కూడా చేయిస్తాం" అనే ఏజెంట్లను నమ్మడం. వ్యాన్ బోర్డర్ దాకా తీసుకెళ్తుంది, స్టాంపు వేసేది వ్యాన్‌వాళ్లు కాదు. లంచం మాట ఎవరైనా ఎత్తితే అక్కడి నుంచి కదలండి. దొంగ స్టాంపు దొరికితే అది జరిమానాతో పోయే విషయం కాదు.

ఓవర్‌స్టే ఉన్నా బోర్డర్‌లో జరిమానా కట్టి అప్పుడే తిరిగి రావొచ్చనుకోవడం. కట్టి వెళ్లనిస్తారు, రానివ్వడం వాళ్ల చేతిలో ఉంటుంది. 90 రోజులు దాటిన ఓవర్‌స్టేతో తనంతట తాను వెళ్లేవాళ్లకు ఏడాది నిషేధం. తనిఖీలో దొరికితే కొద్ది రోజులకైనా 5 ఏళ్ల నిషేధం దాకా పోతుంది.

కౌంటర్‌లో కాదంటే

గొడవ పెట్టుకోకండి, గొంతు పెంచకండి. కారణం అడగండి. టీడీఏసీ లేకపోవడం, నగదు చాలకపోవడం, తిరుగు టికెట్ లేకపోవడం అయితే పక్కకు వచ్చి సరిచేసుకుని మళ్లీ వరసలో నిలబడొచ్చు. టికెట్ ఫోన్‌లోనే కొనొచ్చు, ఏటీఎం అవతల ఉంటే అడిగి చూడండి.

మూడోసారి కాబట్టే కాదన్నారంటే వాదించడానికి ఏమీ లేదు. వెనక్కి వెళ్లాలి. ఇక్కడే అసలు టెన్షన్. మీ లావోస్ వీసా సింగిల్ ఎంట్రీ, ఎగ్జిట్ స్టాంపు కూడా పడిపోయి ఉంటుంది. లావోస్ కౌంటర్‌కు తిరిగి వెళ్లి, థాయ్‌వాళ్లు రానివ్వలేదని చెప్పండి. ఎగ్జిట్ రద్దు చేస్తారా, కొత్త వీసా కొనమంటారా అన్నది వాళ్లిష్టం. అందుకే డాలర్లలో కొంత, ఒక ఫొటో చివరిదాకా విడిగా దాచి ఉంచమనేది. మలేషియా వైపైతే వీసా ఫ్రీ కాబట్టి ఇంత చిక్కు ఉండదు, కొత్తగా డిజిటల్ కార్డు నింపితే చాలు.

తర్వాత వియంటియాన్ వత్తాయ్ విమానాశ్రయం నుంచో పెనాంగ్ నుంచో బ్యాంకాక్ ఫ్లైట్ చూసుకోండి, కానీ ఆ రోజుకే కాదు. ఒకటి రెండు రోజులు ఆగి, తిరుగు టికెట్, హోటల్, నగదు అన్నీ సిద్ధం చేసుకుని, కొత్త టీడీఏసీలో ఈసారి విమానం అని ఎంచుకుని నింపి బయల్దేరండి. కౌంటర్‌లో బోర్డర్ దగ్గర ఏం జరిగిందని అడిగితే దాచకండి, అది వాళ్ల తెర మీద కనిపిస్తూనే ఉంటుంది.